రొట్టె దొరకని వారంలో గలిలయ తీరాన

తిబెరియ, ఏప్రిల్ 18, సోమవారం

యెరూషలేములో ఈస్టర్ ఆరాధన ముగించుకొని 2022 ఏప్రిల్ 18 మధ్యాహ్నానికి అక్కా నేనూ గలిలయ సరస్సు ఒడ్డునున్న తిబెరియ చేరుకున్నాము. ప్రయాణంలో ఏమీ తినలేదు కాబట్టి సంచులు గదిలో పెట్టి, ముందుగా రొట్టె కొనుక్కుందామని వీధి చివరనున్న సూపర్ మార్కెట్‌కు వెళ్లాము. రొట్టెలు ఉండవలసిన అరలన్నిటినీ పైనుంచి కింది వరకు తెల్లని ప్లాస్టిక్ పట్టాతో కప్పి, అంచులకు టేపు అతికించి ఉంచారు. దాని వెనుక ఏముందో చూద్దామని అక్క చెయ్యి చాచబోతే, డబ్బు తీసుకునే చోట కూర్చున్న అమ్మాయి దూరం నుంచే చెయ్యి ఊపుతూ "పేసఖ్, పేసఖ్" అన్నది. పేసఖ్ అంటే యూదుల పస్కా పండుగ. ఆ ఏడాది ఏప్రిల్ 15 సాయంత్రం మొదలైన పండుగ 22 వరకు సాగింది. ఆ రోజుల్లో పులిసిన పిండితో చేసినదేదీ ఆచారం పాటించే యూదులు తినరు, ఇంట్లో ఉంచుకోరు, దుకాణాల్లో కనిపించనివ్వరు. బయలుదేరే ముందు ఈ సంగతి చదివాను గాని, చదివిన దానికీ ఆకలితో ఆ తెల్లని పట్టా ముందు నిలబడడానికీ చాలా తేడా ఉంది.

మేము గలిలయకు వచ్చింది ప్రత్యేకించి ఒక్క అద్భుతం కోసం. ఒక బాలుడి దగ్గరున్న అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదువేలమందికి యేసు ప్రభువు భోజనం పెట్టిన ఆ సంఘటన, పునరుత్థానాన్ని పక్కన పెడితే, నలుగురు సువార్తికులూ వ్రాసిన ఒకే ఒక్క అద్భుతం. చిన్నప్పటి నుంచి దానిని వందసార్లు విని ఉంటాము. ప్రతిసారీ ప్రసంగం "దేవుడు నీకు సమృద్ధినిస్తాడు" అన్న మాట దగ్గరే ఆగిపోయేది. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ సమృద్ధి ఎటువంటిది, ఏ రూపంలో వచ్చింది, ఎక్కడ కనబడింది అన్న ప్రశ్నలు నాలో చాలాకాలంగా మిగిలి ఉన్నాయి. అటువంటి ప్రశ్నలతో వచ్చినవారికి ఊళ్లో రొట్టె దొరకకపోవడం మొదట ఆటంకంలాగే అనిపించింది. యోహాను ఈ సంఘటనను చెప్పబోతూ పస్కా పండుగ సమీపించిందని వ్రాసిన సంగతి ఆ సాయంత్రం గుర్తుకు వచ్చాక, మేము రావలసిన వారానికే వచ్చామనిపించింది.

రాత్రి భోజనానికి సరస్సు ఒడ్డున ఒక చిన్న భోజనశాలలో కూర్చున్నాము. ఇక్కడ అందరూ "పేతురు చేప" అని పిలిచేది అరబ్బీలో ముష్త్ అనే చేప. తలా తోకా తియ్యకుండా నూనెలో కరకరలాడేట్టు వేయించి, వీపు మీద గాట్లు కనబడేలా పళ్లెంలో అడ్డంగా పెట్టి తెస్తారు. పక్కన నిమ్మచెక్క, వేయించిన బంగాళదుంపలు. పళ్లెం ఒక్కంటికి ఇశ్రాయేలు డబ్బులో 90 షెకెళ్లు తీసుకున్నారు. వెన్నుముక్క నుంచి మాంసం సులువుగానే ఊడివచ్చింది, రుచి కూడా బాగుంది. కానీ యోహాను ఆ బాలుడి చేపలకు వాడిన గ్రీకు మాట ఇంత పెద్ద చేపకు సరిపోదు. అది రొట్టెలో నంజుకోవడానికి పెట్టుకునే చిన్న చేపను సూచించే మాట. ఈ సరస్సులో వేలెడంత చేపలు గుంపులుగా దొరుకుతాయి. తిబెరియకు కాస్త ఉత్తరాన ఉన్న మగ్దలలో ఆ కాలంలో చేపలకు ఉప్పు పట్టించి నిలవచేసేవారు, ఆ ఊరి గ్రీకు పేరు కూడా ఆ పనినిబట్టే వచ్చింది. ఆ బాలుడి దగ్గర ఉన్నది బహుశా అటువంటి ఉప్పుచేపల జత.

రొట్టెలు కూడా యవల రొట్టెలు. గోధుమలు ఒక కొలత వచ్చే ధరకు యవలు మూడు కొలతలు వస్తాయని ప్రకటన గ్రంథంలోని ఒక వచనం వల్ల తెలుస్తుంది. అంటే అది పేదవాడి తిండి. గలిలయను ఏలుతూ తిబెరియను కట్టించిన హేరోదు అంతిప తన పుట్టినరోజున ఇచ్చిన విందును, ఆ విందులో పళ్లెంలో తెచ్చిన బాప్తిస్మమిచ్చు యోహాను తలను వర్ణించిన వెంటనే మత్తయి, మార్కు ఈ యవల రొట్టెల భోజనాన్ని చెబుతారు. హేరోదు పట్టణంలో కూర్చొని ఆ రెండు భోజనాలనూ పక్కపక్కన చదివినప్పుడు, ప్రభువు ఆ పచ్చికమీద విందు చెయ్యలేదని, ఆకలి మాత్రమే తీర్చాడని నాకు మొదటిసారి స్పష్టమైంది. విందు చెయ్యగల శక్తి ఆయనకు లేక కాదు, కానాలో ఆరు రాతిబానల నీటిని మేలైన ద్రాక్షారసంగా మార్చినవాడు ఆయనే. ఇక్కడ మాత్రం వచ్చిన రొట్టె వచ్చినట్టే, యవల రొట్టెగానే, అందరికీ సరిపోయింది.

తబ్గా, ఏప్రిల్ 19, మంగళవారం

ఉదయం హోటల్‌లో మత్సా పెట్టారు. ఇది ఉప్పూ పులుపూ లేని, చిల్లులు పొడిచిన, అట్టలాంటి పలుచని రొట్టె. విరిస్తే పలకలుగా విరుగుతుంది, పొడి ఒళ్లంతా రాలుతుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక ముసలాయన మత్సా మీద మెత్తని జున్ను రాసి, దానిమీద దోసకాయ ముక్కలు పేర్చి, ఇలా తినాలని సైగతో మాకు చూపించాడు. అలా తింటే నిజంగానే బాగుంది.

ఆ అద్భుతం జరిగిన చోటుగా చెప్పుకునే తబ్గా దగ్గర దిగవలసిన మేము బస్సులో మాటల్లో పడి ఆ కూడలి దాటిపోయాము. బస్సు కొండ ఎక్కడం మొదలుపెట్టాక గానీ అక్క గమనించలేదు. తరువాతి స్టాపులో దిగి చూస్తే సరస్సు చాలా కిందికి ఉండిపోయింది. మళ్లీ బస్సు కోసం నిలబడడం కన్నా కాలిబాటన దిగిపోవడమే మంచిదనుకొని, నల్లరాళ్ల మధ్య, మోకాలెత్తు గడ్డిలో నుంచి, దాదాపు గంటసేపు కిందికి నడిచాము. ఆ పొరపాటుకు ఇప్పటికీ కృతజ్ఞుడిని. పైభాగంలో గడ్డి అప్పటికే ఎండి గడ్డివాము రంగులోకి తిరిగింది, ముళ్లపొదల ఊదారంగు పువ్వులు మాత్రం నిలిచి ఉన్నాయి. ఊటలు ఉన్న దిగువభాగానికి చేరేసరికి పచ్చదనం పాదాలకు చల్లగా తగిలింది. ఈ కొండలమీద పచ్చిక శాశ్వతం కాదు. చలికాలపు వానలతో మొలిచి, పస్కా దాటిన కొద్ది వారాలకే ఎండిపోతుంది. పచ్చని గడ్డిమీద కూర్చున్నారని మార్కు వ్రాసిన ఒక్క మాట, పస్కా సమీపించిందని యోహాను చెప్పిన మాటతో ఎంత చక్కగా అతుకుతుందో ఆ వాలులో దిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

వాళ్లు కూర్చున్న తీరు కూడా మార్కే చెబుతాడు. నూరేసిమంది, ఏబదేసిమంది చొప్పున పంక్తులు తీరారు. మన తెలుగు బైబిలులో "పంక్తులు తీరి" అని ఉన్న చోట గ్రీకులో ఉన్నది తోటలోని మళ్లను సూచించే మాట. రంగురంగుల బట్టలతో గడ్డిమీద కూర్చున్న జనం మళ్లు మళ్లుగా కనబడి ఉంటారు. అయితే పంక్తి అన్న మాటలో తెలుగువాడికి ఇంకొకటి కూడా వినిపిస్తుంది. పంక్తిలో కూర్చున్నవాడు తిండి కోసం ఎగబడనక్కరలేదు, వడ్డించేవాడు తన దగ్గరికే వస్తాడని అతనికి తెలుసు. ఇంకా ఏమీ చేతికి రాకముందే, అయిదు రొట్టెలు తప్ప కళ్లకు ఏమీ కనబడకముందే, అంతమంది ఆ నమ్మకంతో కూర్చున్నారు. ఈ సంఘటనలో జనం చేసిన పని ఏదైనా ఉంటే అది కూర్చోవడమే.

తబ్గా అన్న అరబ్బీ పేరు "ఏడు ఊటలు" అనే గ్రీకు మాట అరిగిపోగా మిగిలినది. ఊటలలో కొన్ని వెచ్చనివి. చలికాలంలో ఆ వెచ్చదనం కోసం చేపలు ఈ ఒడ్డుకు చేరతాయి కాబట్టి జాలరులకు ఇది ఏనాటి నుంచో తెలిసిన చోటు. ఆ అద్భుతం పేరిట ఇక్కడ కట్టిన ఆలయం ముందరి ముంగిట్లో ఒక ఒలీవ చెట్టు, చేపలున్న చిన్న నీటితొట్టి ఉన్నాయి. మేము వెళ్లినప్పుడు లోపలికి రుసుము తీసుకోలేదు. మోకాళ్లూ భుజాలూ కప్పుకోవాలి, మాట్లాడకూడదు. ఇప్పుడు కనబడే కట్టడం 1982లో ప్రతిష్ఠించినది. దాని కింద అయిదవ శతాబ్దపు ఆలయపు నేల ఉంది, ఆ నేల కింద నాలుగవ శతాబ్దపు చిన్న ప్రార్థనామందిరపు పునాదులు ఉన్నాయి. 2015 జూన్‌లో కొందరు నిప్పు పెట్టడంతో ప్రాంగణంలో కొంత భాగం కాలిపోయింది, బాగుచేసి 2017 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. రాతినేల మాత్రం ఆ మంటలో చెడలేదు.

బలిపీఠం కింద చదునుచెయ్యని ఒక సున్నపురాయి ఉంది. ప్రభువు రొట్టెలు పెట్టిన రాయి ఇదేనని భక్తులు నమ్ముతారు. నాలుగవ శతాబ్దం చివర ఇక్కడికి వచ్చిన ఎగేరియా అనే యాత్రికురాలు ఆ రాయి అప్పటికే బలిపీఠంగా ఉండేదని, ఆరోగ్యం కోసం జనం దాని పెచ్చులు తీసుకుపోయేవారని వ్రాసినట్టు చెబుతారు. రాయి ముందర నేలమీద చిన్న రాతిపలుకులతో కూర్చిన ఆ ప్రసిద్ధమైన చిత్రం ఉంది. మధ్యలో ఒక గంప, దానికి అటూ ఇటూ నిలువుగా ఒక్కొక్క చేప. ఎర్రని, గోధుమరంగు పలుకులతో గంప అల్లికను కూడా చూపించాడు ఆ పనివాడు. గంపలో సిలువ గుర్తులున్న గుండ్రని రొట్టెలు ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో అక్క వేలితో గాలిలో లెక్కపెట్టి నా వైపు తిరిగి నాలుగు వేళ్లు చూపించింది. అయిదవది పైన బలిపీఠం మీద ఉంటుందని, ఆరాధనలో విరిచే రొట్టె అదేనని ఇక్కడివారు చెప్పే వివరణ. ఇది చిత్రకారుడి ఉద్దేశమో తరువాతివారి ఊహో గాని, నాకు మాత్రం ఆ లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

పక్క నడవల్లో నేలంతా నీటిపక్షులు, తామరలు, రెల్లు, నీటిమట్టం కొలిచే ఒక గోపురం ఉన్నాయి. అవి నైలునది ఒడ్డు దృశ్యాలు. వాటిని చూస్తూ ఎక్కువసేపు ఉండవచ్చు గాని, మేము మళ్లీ గంప దగ్గరికే వచ్చి గోడవారనున్న బల్లమీద కూర్చున్నాము.

అక్కడ కూర్చొని నలుగురు సువార్తికుల వృత్తాంతాలనూ మొదటి నుంచి చదివాను. రొట్టెలు పెరిగిన క్షణాన్ని నలుగురిలో ఒక్కరు కూడా వర్ణించలేదు. రొట్టెల గుట్ట కనబడిందని ఎవరూ చెప్పలేదు. తీసుకున్నాడు, ఆకాశము వైపు కన్నులెత్తి స్తోత్రం చేశాడు, విరిచాడు, శిష్యులకు ఇచ్చాడు, శిష్యులు జనానికి పెట్టారు. ఇంతే. మార్కు గ్రీకులో "విరిచాడు" అన్న క్రియ ఒక్కసారి జరిగి ముగిసిన పనిని చెబుతుంది, "ఇచ్చాడు" అన్నది మాత్రం ఇస్తూనే ఉన్నాడన్న అర్థాన్నిస్తుంది. అలా చూస్తే సమృద్ధి ఒకచోట కుప్పగా ఉన్నది కాదు, చేతుల మీదుగా పోతున్నది. ఏ నిమిషంలో చూసినా శిష్యుడి చేతిలో ఉన్నది ముందున్నవారికి సరిపోయేంతే, అయిపోయాక మళ్లీ ఆయన దగ్గరికి రావలసిందే. "మీరే వారికి భోజనము పెట్టుడి" అన్న ఆజ్ఞ నెరవేరింది కూడా అలాగే. పెట్టింది వాళ్లే, ఇచ్చింది మాత్రం ఆయన.

అసలు అద్భుతమేమీ జరగలేదని, ఆ బాలుడిని చూసి అందరూ సిగ్గుపడి దాచుకున్న మూటలు విప్పారని చెప్పే వ్యాఖ్యానం ఒకటి చాలామందికి నచ్చుతుంది. పంచుకోవడం గొప్ప సంగతే. కానీ సువార్తలు ఆ మాట చెప్పడం లేదు. మూటలు విప్పింది జనమే అయితే, తిన్న వెంటనే ఆయనను బలవంతంగా రాజును చెయ్యాలని వాళ్లు ఎందుకు చూస్తారు? యోహాను అదే చెబుతున్నాడు, ప్రభువు అది గ్రహించి ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడని కూడా చెబుతున్నాడు. రెండువందల దేనారముల రొట్టెలు కూడా చాలవని శిష్యుడైన ఫిలిప్పు వేసిన లెక్కను చూడండి. ఒక దేనారము ఒక రోజు కూలి. రెండువందల దేనారములను అయిదువేలమంది పురుషులకు పంచితే ఇరవై అయిదుమందికి ఒక దేనారము వస్తుంది, స్త్రీలనూ పిల్లలనూ కలిపితే అదీ రాదు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. లెక్క సరిగ్గా ఉన్నందువల్లనే ఇంకొక శిష్యుడైన అంద్రెయ "ఇంతమందికి ఇవి ఏమాత్రము" అన్నాడు. ఆ ప్రశ్నకు లోకంలో ఉన్న జవాబు ఏదీ చాలదని చెప్పడానికే సువార్తికులు ఆ సంఖ్యలను దాచకుండా వ్రాశారని నేను నమ్ముతాను.

గినోసర్, కపెర్నహూము, తూర్పుతీరం, ఏప్రిల్ 20, బుధవారం

1986లో కరువు వల్ల సరస్సు బాగా వెనక్కు తగ్గినప్పుడు, గినోసర్‌లోని ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఒక పాతపడవ అంచు కనబడింది. పరీక్షించిన మీదట అది సుమారు ప్రభువు కాలానిదేనని తేలింది. ఇప్పుడు అది అక్కడి ప్రదర్శనశాలలో ఇనుప చట్రం మీద నిలబడి ఉంది. ఎనిమిది మీటర్లకు కొద్దిగా ఎక్కువ పొడవు, రెండు మీటర్లకు కొద్దిగా ఎక్కువ వెడల్పు. చెక్కలన్నీ ఒక్క జాతివి కావు. పాడైన చోటల్లా ఏ కలప దొరికితే ఆ కలపతో అతుకులు వేస్తూ, మేకులు కొడుతూ దానిని బతికించుకున్నారు. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పదమూడుమంది ఇందులో ఎలా కూర్చొని ఉంటారా అని చూశాను. ఒకరి మోకాలు ఇంకొకరికి తగలక తప్పదు.

అటువంటి పడవలోనే మార్కు ఎనిమిదవ అధ్యాయంలోని సంభాషణ జరిగింది. శిష్యులు రొట్టెలు తేవడం మరిచిపోయారు, పడవలో ఒక్క రొట్టె మాత్రమే ఉంది, దానిగురించి తమలో తాము మాట్లాడుకుంటున్నారు. అప్పటికే అయిదువేలమంది తిన్నారు, ఏడు రొట్టెలతో నాలుగువేలమంది కూడా తిన్నారు. ప్రభువు వాళ్లను అడిగిన ప్రశ్నను ఎన్నిసార్లు చదివినా నేను దాటిపోయిన సంగతి ఒకటుంది. ఎన్ని రొట్టెలు విరిచానో గుర్తుందా అని గాని, ఎంతమంది తిన్నారో గుర్తుందా అని గాని ఆయన అడగలేదు. ఆ సంఖ్యలను తానే చెప్పి, ముక్కలు ఎన్ని గంపలు ఎత్తారని అడిగాడు. పన్నెండు అన్నారు. రెండవసారి ఎన్ని అన్నాడు. ఏడు అన్నారు. మీరింకా గ్రహింపలేదా అన్నాడు. అంటే వాళ్లు గ్రహించవలసినది మిగిలిన ముక్కల్లో ఉంది. నేను ఇన్నేళ్లూ పెరిగిన రొట్టెల వైపే చూస్తూ వచ్చాను.

ఆ రెండు గంపలు కూడా గ్రీకులో ఒకటి కావు. మొదటిది మనిషి వెంట మోసుకుపోయే చిన్న గంప, రెండవది పెద్ద బుట్ట. దమస్కు గోడమీద నుంచి పౌలును దించింది ఆ రెండవ రకం బుట్టలోనే. పడవలో అడిగిన ప్రశ్నలో కూడా ఆ తేడాను మార్కు తప్పకుండా పాటించాడు. తెలుగులో రెంటికీ గంప అన్న మాటే ఉన్నందువల్ల మనకు ఆ తేడా తెలియదు.

కపెర్నహూములో ఎక్కువసేపు ఆగలేదు. అన్నం పెట్టిన మరునాడు "జీవాహారము నేనే" అని ప్రభువు బోధించింది ఈ ఊరి సమాజమందిరంలోనే. ఇప్పుడు నిలబడి ఉన్న తెల్లరాతి కట్టడం తరువాతి కాలానిది. రొట్టె తిన్నవారిలో చాలామంది ఆ బోధ కఠినంగా ఉందని ఇక్కడి నుంచే వెనుదిరిగారు. ఎండ ఎక్కువగా ఉండడంతో తీర్థయాత్రికుల గుంపులన్నీ చెట్ల నీడకు చేరాయి.

తూర్పుతీరానికి వెళ్లే బస్సు కిక్కిరిసి ఉంది. పండుగ సెలవులు కాబట్టి ఒడ్డు పొడవునా గుడారాలు, ఇనుప పొయ్యిల మీద కాలుతున్న మాంసం, నీళ్లలో పిల్లలు. ఈ సంఘటన జరిగినది బేత్సయిదా ప్రాంతంలోనని లూకా చెబుతాడు, ఆ ఊరు సరస్సుకు ఈశాన్యాన ఉండేది. ఇంకా దక్షిణంగా, కొండమీద శిథిలమై ఉన్న హిప్పోస్ పట్టణంలో 2019లో హైఫా విశ్వవిద్యాలయం వారు తవ్విన ఒక కాలిపోయిన ఆలయపు నేలమీద కూడా చేపలు, రొట్టెల గంపలు కనబడ్డాయి. స్థలం ఏదన్న వాదం మీద నాకు పట్టుదల లేదు. సరస్సు పొడవు 21 కిలోమీటర్లు, ఏ ఒడ్డున నిలబడినా ఎదుటి ఒడ్డు కనబడుతూనే ఉంటుంది.

తిరుగుబస్సు కోసం నిలబడి ఉండగా గుడారం ముందు కూర్చున్న ఒక కుటుంబం పిలిచి మత్సాలో ఉడికించిన గుడ్డు, కాల్చిన వంకాయ పెట్టి ఇచ్చారు. తినడానికి ముందు ఆ ఇంటి పెద్దాయన హెబ్రీలో ఒక చిన్న ప్రార్థన చేశాడు. అతని కొడుకు దాని అర్థం ఇంగ్లీషులో చెప్పాడు. యూదులు రొట్టెమీద చెప్పే స్తోత్రం రొట్టెను ఆశీర్వదించదు, భూమిలోనుంచి రొట్టెను రప్పించే దేవుణ్ణి స్తుతిస్తుంది. పచ్చికమీద ప్రభువు చేసినది కూడా ఇటువంటి స్తుతే అయి ఉంటుంది. చాలని రొట్టెను చేతిలో పట్టుకొని, ఇంకా చాలకుండా ఉండగానే స్తుతించాడు.

కఫ్ర్ కన్నా, ఏప్రిల్ 21, గురువారం

కానాగా ఎంచే కఫ్ర్ కన్నాకు వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ ముస్లింలూ క్రైస్తవులూ కలిసి ఉంటారు. ఆ వారం మూడు పద్ధతులు ఒకచోట కలిశాయి. యూదులకు పులిసిన రొట్టె లేదు, ముస్లింలకు రంజాన్ ఉపవాసం, 24న ఈస్టర్ జరుపుకునే ఆర్థడాక్స్ క్రైస్తవులకు శ్రమలవారం. ఆలయం చూసి, వీధిలో వచ్చిన వాసననుబట్టి నడుస్తూ ఒక రొట్టెల అంగడి చేరాము. నాలుగు రోజుల తరువాత పులిసిన రొట్టె వాసన తగిలింది.

పొయ్యి నోట్లోనుంచి గుండ్రని రొట్టెలు పూరీలలా పొంగి ఒకదాని వెనుక ఒకటి బల్లమీద పడుతున్నాయి. పొయ్యి దగ్గర నిలబడినాయనకు అరవై ఏళ్లుంటాయి, నుదుటి నుంచి చెమట కారుతోంది, పెదవులు ఎండి ఉన్నాయి. తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్లయినా తాగని మనిషి, సూర్యాస్తమయానికి ఊరందరూ తినబోయే రొట్టె కాలుస్తున్నాడు. మా వైపు చూసి "హిందీ?" అన్నాడు. అరబ్బీలో ఆ మాటకు భారతీయుడని అర్థం. తల ఊపాము. అంతలో ఒక పిల్లవాడి చేతిలోని రొట్టె జారి నేలమీద పడింది. ఆ పెద్దాయన వంగి దానిని తీసి, దుమ్ము దులిపి, పెదవులకు తాకించుకొని, నుదుటికి ఆనించుకొని, ఎవరి కాలూ తగలకుండా గోడమీది గూట్లో పెట్టాడు. ఇదంతా పిల్లవాడితో మాట్లాడుతూనే, చూడకుండా చేసిన పని. రొట్టె నేలమీద ఉండకూడదన్నది ఈ ప్రాంతంలో మతాలకు అతీతమైన మర్యాద.

అక్క నా మోచేయి పట్టుకొని, "చూశావా, 'ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి' అన్నది ఇదే" అన్నది.

ఆ క్షణం నుంచి నా ప్రశ్నకు ఒక రూపం వచ్చింది. ఇశ్రాయేలీయులకు అరణ్యంలో ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసినప్పుడు మిగల్చకూడదన్నది ఆజ్ఞ, మర్నాటికి ఉంచుకున్నవారిది పురుగుపట్టింది. ఇక్కడ ముక్కకూడా వదలకూడదన్నది ఆజ్ఞ. రెండూ ఎదురెదురు మాటల్లా కనబడతాయి గాని కావు. మన్నాను దాచుకున్నవాడు రేపు దేవుడు ఇవ్వడేమోనన్న భయంతో దాచుకున్నాడు. ముక్కలను పోగుచేసినవారు, అందరూ తృప్తిగా తిన్నాక, ఇచ్చినవాడి మీద గౌరవంతో పోగుచేశారు. ఎలీషా ప్రవక్త ఇరవై యవల రొట్టెలతో నూరుమందికి పెట్టినప్పుడు కూడా తినగా మిగిలింది. కానీ పోగుచెయ్యమన్న మాట అక్కడ లేదు. అయిదింటిని అయిదువేలమందికి సరిపెట్టగలవాడు ముక్కను ఎందుకు లక్ష్యపెట్టాలి? కావాలంటే ఇంకా చేసుకోగలడు కదా. అలా చేసుకోగలవాడే వంగి ముక్కలు ఏరమన్నాడు. దేవుడి సమృద్ధికీ వృథాకూ సంబంధం లేదని, ఆయన చేతిలోనుంచి వచ్చినది ఎంత ఎక్కువగా వచ్చినా చౌకబారదని ఆ గంపలు చెబుతున్నాయి.

మేము నాలుగు రొట్టెలు అడిగాము. ఆయన చేతికి వచ్చినన్ని సంచిలో వేసి, నాలుగింటికి ఎనిమిది షెకెళ్లే తీసుకొని, మిగతా వాటికి డబ్బు ఇవ్వబోతే గుండెమీద చెయ్యి పెట్టుకొని వద్దన్నాడు.

బయటికి వచ్చాక మా పొరపాటు తెలిసింది. పస్కా చివరి రోజు ఆ సాయంత్రమే మొదలవుతుంది కాబట్టి తిబెరియ వైపు బస్సులు అప్పటికే ఆగిపోయాయి. గంటకు పైగా తిరిగాక 150 షెకెళ్లకు ఒక టాక్సీ కుదిరింది. గోలాని కూడలి దాటాక, ఏడు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు, డ్రైవరు బండిని పక్కకు తీసి ఆపాడు. సూర్యుడు దిగిపోయాడు. అతను ఖర్జూరాల డబ్బా, నీళ్ల సీసా తీసి, ముందు మా వైపు చాపాడు. పొద్దుటి నుంచి తినని మనిషి తన ఉపవాసం విడవడానికి ముందు మాకు పెట్టాడు. అక్క సంచి విప్పి రెండు రొట్టెలు ఇచ్చింది. ఒకటి అక్కడే తిన్నాడు, రెండవదానిని కాగితంలో చుట్టి ఇంట్లో పిల్లలకని చెప్పి పక్కన పెట్టుకున్నాడు. మేము ఖర్జూరం కొరికినప్పుడు "సహ్‌తేన్" అన్నాడు. తినేవారికి రెండింతల ఆరోగ్యం కలగాలని అరబ్బులు అనే దీవెన అది.

హోటల్ గుమ్మంలో పులిసిన పదార్థాలు లోపలికి తేవద్దన్న కాగితం అతికించి ఉంది. వారి పండుగ వారి ఇంట్లో మనం చెడగొట్టకూడదు కాబట్టి, లోపలికి వెళ్లకుండా సరస్సు ఒడ్డున బెంచీమీద కూర్చొని తిన్నాము. రొట్టె ఇంకా మెత్తగానే ఉంది, అడుగున కాలిన మచ్చలు పంటికింద చేదుగా తగిలాయి. నేను రెండు తిని ఇంకొకదానిలో సగం విరిచాను, అక్క ఒకటి తిన్నది. ఒడిలో రాలిన పలుకులను వేలితో అద్ది ఆమె నోట్లో వేసుకున్నది.

పక్క బెంచీమీద ఇద్దరు ఫిలిప్పీన్స్ స్త్రీలు కూర్చొని ఉన్నారు. ఇక్కడి వృద్ధులను చూసుకునే ఉద్యోగమని, పనిచేసే ఇంట్లో వారం రోజులుగా రొట్టె లేదని, మేము విప్పిన సంచిని చూసి నవ్వుతూ చెప్పారు.

"ఎన్ని మిగిలాయిరా?" అని అక్క అడిగింది.

సంచిలో చెయ్యి పెట్టి చూసి, "నాలుగున్నాయక్కా, నా చేతిలో ఈ సగం" అన్నాను.

"ఆ సగం నువ్వు తినేయి, ముక్క కూడా కింద పడనీయకు" అని, సంచి అంచులు మడిచి పట్టుకొని అక్క పక్క బెంచీ దగ్గరికి నడిచింది.